ఆకాశచిత్రములలో తుర్కయంజాల్ దారులు: ఆనవాళ్లను గుర్తించు విధము

గ్రామచరిత్ర వ్రాయబూనిన వారికి సాధారణముగా లభించు ఆధారములు మూడు: శాసనములు, దస్త్రములు, పెద్దల నోటిమాటలు. శాసనము చిరకాలము నిలుచును గాని ప్రతి గ్రామమునకును లభింపదు. దస్త్రము భూమి విస్తీర్ణమును, శిస్తును చెప్పును గాని ఊరి రూపమును కన్నులకు కట్టింపదు. నోటిమాట తరము మారిన కొలది సన్నగిల్లును. ఇరువదవ శతాబ్దమున ఈ మూటికి తోడుగా నాలుగవ ఆధారము వచ్చి చేరినది. అదియే ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రము. ఒక ఊరు, దాని చెరువు, దాని దారులు ఒకానొక క్షణమున ఏ స్థితిలో నుండెనో ఆ స్థితిని అది యథాతథముగా పట్టి నిలుపును. అయితే ఈ సాక్షి మూగసాక్షి. చిత్రముపై ఊరి పేరుండదు, వాగు పేరుండదు. వానిని గుర్తించువారే దానికి నోరీయవలెను. గుర్తింపు తప్పినచో చరిత్రయు తప్పును.

తుర్కయంజాల్ ప్రాంతమునకు ఈ ఆధారము మిక్కిలి అవసరము. ఏలయన ఈ ప్రాంతపు రూపమును మార్చినవి ప్రధానముగా రెండు దారులు. మొదటిది సాగర్ రోడ్డు. హైదరాబాదు నగరపు తూర్పు కొసనున్న ఎల్.బి. నగర్ నుండి బయలుదేరి, బి.ఎన్. రెడ్డి నగర్, గుర్రంగూడ, ఇంజాపూర్, తుర్కయంజాల్, రాగన్నగూడ, మన్నెగూడల మీదుగా ఇబ్రహీంపట్నమునకును, అచటినుండి కృష్ణాతీరమునకును ఈ దారి సాగును. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఆ మహానిర్మాణముతో ఈ మార్గమునకు ప్రాధాన్యము పెరిగినది, పేరును ఆ సాగరమునుండియే వచ్చినది. రెండవది ఔటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల పొడవున నగరమును చుట్టివచ్చు ఈ దారిలో మొదటి భాగము గచ్చిబౌలి, శంషాబాదుల నడుమ 2008 నవంబరు 14న ప్రారంభమైనది. తుర్కయంజాల్‌కు దక్షిణమున బొంగులూరు వద్ద అది సాగర్ రోడ్డును దాటును. ఈ రెండు దారుల నడుమ పొలములు ప్లాట్లయినవి, బండిబాటలు వీధులైనవి, పలు ఆనవాళ్లు చెరగిపోయినవి.

ఆకాశచిత్రముల చరిత్ర పురాతనమైనది కాకున్నను ఆసక్తికరమైనది. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు పొగగుమ్మటమువంటి బెలూను నెక్కి పారిసు పరిసరమున మొదటి చిత్రమును తీసెను. 1906లో ఆంగ్లసైన్యపు బెలూనునుండి స్టోన్‌హెంజి శిలావలయపు చిత్రమును తీసిరి. మొదటి ప్రపంచయుద్ధమున విమానములనుండి తీసిన చిత్రములు సేనలకు పటములైనవి. యుద్ధానంతరము క్రాఫర్డ్ అను పండితుడు అవే చిత్రములతో పైరుల రంగుభేదమును బట్టి భూమిలో కప్పబడిన ప్రాచీన నివేశములను గుర్తింపవచ్చునని చూపెను. తెలుగుదేశమున నాగార్జునకొండ లోయ 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిగిన పిమ్మట జలాశయములో మునిగినది. కొన్ని కట్టడములను కొండపైకి తరలించిరి. తక్కిన లోయ స్వరూపము తెలియుటకు పటములు, చిత్రములే శరణ్యములైనవి. నీటిలో మునిగినను, కాంక్రీటులో మునిగినను స్థలమునకు కలుగు గతి ఒక్కటియే.

సామాన్యులకు నేడు లభ్యమగు పాతచిత్రములలో రెండు తెగలు ముఖ్యములు. 1960 మొదలు 1972 వరకు అమెరికా దేశము రహస్యముగా నడపిన కరోనా ఉపగ్రహములు ఫిలిముపై భూగోళమున చాల భాగమును చిత్రించినవి. గూఢచర్యమునకై తీసిన ఆ చిత్రములు ఎనిమిది లక్షలకు మించినవి. 1995లో వానిపై రహస్యముద్ర తొలగింపబడినది. ఆ పరంపరలోని కడపటి కెమెరాలు రెండు మీటర్లకు లోబడిన వస్తువులను సైతము చూపగలిగినవి. రెండవ తెగ భారతదేశపు ఉపగ్రహచిత్రములు. 2005 మే 5న ఎగసిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల సూక్ష్మతతో చిత్రములు తీసెను. నాగార్జునసాగర నిర్మాణకాలము మొదటి తెగలోను, ఔటర్ రింగు రోడ్డు నిర్మాణకాలము రెండవ తెగలోను పడుట ఈ ప్రాంతపు చరిత్రకారులకు కలిసివచ్చిన సంగతి.

చిత్రమును చేత బట్టిన వెంటనే పేర్లు పెట్ట తొందరపడరాదు. ముందు దిక్కు తెలియవలెను. దిక్కును తెలుపునది నీడ. పాశ్చాత్య గ్రంథములలో మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకే పడునని యుండును. కర్కటరేఖకు ఉత్తరమున నున్న దేశములకు అది సత్యము. తుర్కయంజాల్ 17, 18 డిగ్రీల అక్షాంశముల నడుమ నున్నది. మే రెండవ వారము మొదలు ఆగష్టు మొదటి వారము వరకు ఇచట మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును, నీడ దక్షిణమునకు పడును. కావున చిత్రము తీసిన నెల తెలియక నీడను మాత్రమే నమ్మినచో ఉత్తరము దక్షిణమగును. కార్టోశాట్ వంటి ఉపగ్రహములు ఉదయము పదిన్నర ప్రాంతమున దాటును గనుక వాని చిత్రములలో నీడలు పడమటివైపు మొగ్గియుండును. మరియొక చిక్కు గలదు. నీడలు చూచువానికి ఆవలివైపు పడినచో కన్ను మోసపోవును. గుట్ట గుంటవలెను, చెరువు మెట్టవలెను తోచును. చిత్రమును త్రిప్పి నీడలు తనవైపు పడునట్లు పట్టుకొనినచో ఎత్తుపల్లములు యథాస్థానమునకు వచ్చును.

దిక్కు తరువాత కొలత. కెమెరా కటకపు నాభ్యంతరమును విమానపు ఎత్తుతో భాగించినచో చిత్రపు స్కేలు వచ్చును. నాభ్యంతరము 15 సెంటీమీటర్లు, ఎత్తు 3,000 మీటర్లు అయినచో స్కేలు ఇరువదివేలకు ఒకటి. అనగా చిత్రమున ఒక సెంటీమీటరు భూమిపై 200 మీటర్లు. ఆ చిత్రమున పది మీటర్ల వెడల్పుగల దారి అర మిల్లీమీటరు గీతగా నుండును. 150 మీటర్ల వెడల్పున భూమి సేకరించి వేసిన ఔటర్ రింగు రోడ్డు ఏడున్నర మిల్లీమీటర్ల పట్టీవలె కనబడును. ఈ లెక్క తెలిసినవాడు కాలిబాటను చూచి రాజమార్గమనడు.

ఇక ఆనవాళ్లు. తెలంగాణపు పల్లెలో ఆకాశమునుండి మొదట పోల్చదగినది చెరువు. తుర్కయంజాల్‌కు మాసబ్ చెరువు, ఇబ్రహీంపట్నమునకు పెద్దచెరువు అట్టి ఆనవాళ్లు. నీరు నల్లగా నుండును. ఎండిన శిఖము తెల్లగా మెరయును. కట్టకు దిగువ నున్న వరిమళ్లు చిన్నచిన్న గళ్లుగా ముదురుఛాయలో నుండును. చెరువుకట్టను దారిగా భ్రమపడుట తరచుగా జరుగు పొరపాటు. కట్టకు ఒకవైపు నీరో శిఖమో, మరియొకవైపు తరిభూమియు నుండును. దారికి ఇరువైపుల ఒకే తీరు పొలములుండును. కట్ట మెట్టను తాకి ఆగిపోవును, దారి మెట్టను దాటి సాగును. అయితే కట్టమీదుగా దారి పోవుటయు కద్దు. అప్పుడు రెండు లక్షణములును కలిసి యుండును.

చెరువు పిమ్మట బావులు. మోటబావి చతురస్రపు నల్లని చుక్కగా, దాని ప్రక్కన ఎద్దులు దిగు బాట చిన్న తెల్లని గీతగా కనబడును. మఱ్ఱి, చింత మొదలగు వృక్షముల నీడలు గుండ్రముగా నుండును. తాటిచెట్టు నీడ సన్నని పుల్లవలె నుండును. గుట్టలపై పడియున్న నల్లరాతి గుండ్లు ఎన్ని వత్సరములైనను స్థానము మారవు. రాళ్లను పగులగొట్టు క్వారీ వచ్చిన చోట మాత్రము ఆ నమ్మకము లేదు. ఆలయప్రాకారము, మసీదు ముంగిలి, గోరీల వరుసలు తెల్లని క్రమాకృతులు. ఇట్టి స్థిరమైన ఆనవాళ్లను కనీసము మూడింటిని పాతచిత్రములోను, నేటి నేలపైనను కలిపి చూచినగాని నాలుగవదానికి పేరు పెట్టరాదు. రెండు బిందువులు కలియుట కాకతాళీయము కావచ్చును. మూడు కలిసినచో దూరము, దిక్కు రెండును నిలిచినవని అర్థము.

నిర్మాణములో నున్న దారిని గుర్తించుటకు వేరు లక్షణములు గలవు. పైమట్టి గీసిన చోటు, మొరము పోసిన చోటు చుట్టుప్రక్కల పొలముల కన్న తెల్లగా నుండును. కల్వర్టులు కట్టు తావులలో ఆ తెల్లని పట్టీ తెగి తెగి కనబడును. కట్టకై మట్టి తీసిన గుంటలు ప్రక్కనే యుండును. వర్షాకాలమున అవి నీటితో నిండి చిన్న కుంటలవలె నల్లబడును. వానిని చూచి పూర్వమిచట కుంట యుండెనని వ్రాయుట తగదు. సహజమైన కుంటకు పైనుండి వచ్చు వాగు, దిగువన అలుగు నుండును. మట్టిగుంటకు ఆ రెండును ఉండవు. అట్లే పని జరుగునంతకాలము బండ్లు తిరుగుటకు వేసిన తాత్కాలికపు దారిని పాతదారిగా భావింపరాదు. పాతదారి ఊళ్లను కలుపును, చెట్లను చుట్టి పోవును, వంకర తిరుగును. తాత్కాలికపు దారి పనిస్థలమును విడువదు.

ఈ విచారణ కేవలము కుతూహలమునకు కాదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఒక సర్వే నంబరుకు ఎదుట శిఖమనియో, పట్టా అనియో ఒక్క మాట యుండును. ఆ మాటపై ఒక కుటుంబపు జీవనము ఆధారపడియుండును. ఊరి చెరువు బ్రతుకును ఆ మాటపైననే ఆధారపడియుండును. అట్టి వివాదములలో పాత ఆకాశచిత్రమును చూపినపుడు అది ఏ నెలదో, ఆ సంవత్సరము వానలెట్టివో తెలియవలెను. మే నెలలో తీసిన చిత్రమున పెద్దచెరువు సైతము చిన్న మడుగుగా నుండును. అతివృష్టి జరిగిన అక్టోబరులో తీసినచో పట్టాభూమియు నీటిలో నుండును. ఒక్క చిత్రమును చూచి చెరువు హద్దు నిర్ణయించుట ఒక్కనాటి కూలినిబట్టి సంవత్సరపు ఆదాయము చెప్పుట వంటిది. వేర్వేరు ఋతువుల చిత్రములను, కట్ట ఎత్తును, అలుగు మట్టమును కలిపి చూచినగాని పేదరైతునకు అన్యాయము జరుగదు, చెరువునకును అన్యాయము జరుగదు.

వాగుల విషయము ఇంకను గంభీరము. 2020 అక్టోబరు 13, 14 తేదీల మహావర్షమునకు ఎల్.బి. నగర్, సరూర్‌నగర్ ప్రాంతములలో పెక్కు కాలనీలు జలమయమైనవి. నీరు తన పాతదారిని మరువదు. మరచినవారు మనుష్యులు. ఇళ్లు లేనినాటి చిత్రమున ఒక చెరువు అలుగునుండి దిగువ చెరువు వరకు సాగిన వాగు సన్నని నల్లని గీతగా స్పష్టముగా నుండును. ఆ గీతను నేటి పటముపై దించినచో ఏ వీధి వాగుపై నున్నదో తెలియును. హైదరాబాదు నడుమ మాసబ్ ట్యాంక్ అను పేట గలదు. చెరువు మాయమై పేరొక్కటే మిగిలినది. తుర్కయంజాల్ మాసబ్ చెరువు అట్లు పేరు మాత్రమే కాకుండవలెనన్నచో దాని కట్ట, అలుగు, దానిలోనికి నీరు తెచ్చు కాలువలు చిత్రముపై పేర్లతో సహా గుర్తింపబడవలెను.

ఇందులకు యంత్రములు చాలవు. ఉపగ్రహము చెట్టును చూపును గాని ఆ చెట్టుక్రింద పంచాయితీ కూర్చుండెనని చెప్పదు. బాటను చూపును గాని అది సంతబాటయో, శ్మానమునకు పోవు బాటయో చెప్పదు. ఆ ఎరుక పశువులు కాచిన వారికి, మోట తోలిన వారికి, దారిపనిలో తట్ట మోసిన స్త్రీలకు గలదు. 1922లో హైదరాబాదున వెలసి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి మరణానంతరము ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలిగా ప్రసిద్ధిచెందిన సంస్థ పల్లెపల్లెకు మనుష్యులను పంపి శాసనములను సేకరించినది. 1935లో తెలంగాణా శాసనములను గ్రంథరూపమున వెలువరించినది. నాడు శాసనములకు జరిగిన సేవయే నేడు చిత్రములకు జరుగవలసియున్నది.

ఆ సేవకు గ్రామగ్రంథాలయము కన్న తగిన స్థానము లేదు. పాతచిత్రపు పెద్ద ప్రతి నొకదానిని బల్లపై పరచి, తీసిన తేదీని దానిపై వ్రాసి, వృద్ధులను పిలిచి, వారు చూపిన ఒక్కొక్క చోటికి అంకె వేసి, ఆ అంకెకు ఎదుట పుస్తకమున ఆ చోటి పేరు, చెప్పినవారి పేరు, చెప్పిన దినము వ్రాసియుంచుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఇద్దరు వేర్వేరుగా చెప్పినది కలిసినచో సిరాతోను, ఒక్కరే చెప్పినది పెన్సిలుతోను వ్రాయుట మంచి పద్ధతి. సందేహమును సందేహముగానే నిలుపుట చరిత్రకారునకు భూషణము. ఊరి యువకులు విద్యావంతులు, వృద్ధులు జ్ఞాపకవంతులు. ఇరువురు ఒకే బల్లయొద్ద కూర్చుండవలసిన కాలము పరిమితమైనది. దారులు ఇంకను వెడల్పగును, భవనములు ఇంకను లేచును. వాని క్రింద ఏమి యుండెనో చెప్పగల కంఠములు మాత్రము ఏటేట తగ్గుచున్నవి. అవి మౌనము వహింపకమున్నే మూగసాక్షికి మాటలు నేర్పుట గ్రామము తన బిడ్డలకు చేయదగిన ఉపకారములలో ఒకటి.