గినీదీ కాదు, పందీ కాదు
మందుల ప్రయోగాలపై వార్త వస్తే చాలు, ‘రోగులను గినీ పందులను చేశారు’ అని రాస్తాం. ఆ జీవి పంది కాదు, ఆఫ్రికాలోని గినీదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో మచ్చికైన ఎలుకజాతి ప్రాణి. అక్కడి కెచువా భాషలో ‘కువి’. నాకు ఆ పేరే ముద్దు. ఇంగ్లిష్ పేరు ‘గినీ పిగ్’లో మనం సగం ఉంచి, సగం తెనిగించాం. ఎలుకజాతికి పంది పేరు మనకూ పాతదే: పందికొక్కు. ఇంగ్లిష్‌లోని ‘బాండికూట్’ దాని నుంచే పుట్టింది. మనిషికిలాగే గినీ పంది ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు. అందుకే 1907లో నార్వే శాస్త్రవేత్తలు దీనిలో విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బును పుట్టించి చూడగలిగారు. పెంచేవారు ఎప్పుడూ ఎండుగడ్డి ఉంచి, ఆ విటమిన్ కోసం రోజూ క్యాప్సికం ముక్క పెట్టాలి. ఒంటరితనం దీనికి పడదు. తెచ్చుకుంటే రెండు ఆడవాటిని తెచ్చుకోండి.