కాగితం లేని ఇల్లు

"మీదే ఊరు?" అని అడుగుతారు. బెల్లంపల్లి అంటాను. "అది సరే, అసలు ఊరు?" అంటారు. బొగ్గుబాయిల ఊరివాణ్ణి ఎవర్నయినా ఈ రెండో ప్రశ్న అడుగుతారు. అక్కడ అందరూ ఎక్కడెక్కణ్ణుంచో బతకొచ్చినవాళ్లే కాబట్టి అందులో తప్పు లేదు. కానీ పేరు చెప్పాక నన్ను మూడో ప్రశ్న కూడా అడుగుతారు. "అంతకుముందు ఎక్కణ్ణుంచి వచ్చిండ్రు?" నా పక్క క్వార్టర్లో పెరిగిన మున్నూరుకాపు దోస్తును ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంకో పక్క క్వార్టర్లోని మాదిగ దోస్తునూ అడగలేదు. వాణ్ణి అడిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి.

కొందరైతే అన్నీ తెలిసినట్టు, "సింగరేణి మీ నిజాందే గదా, మీకేం తక్కువ?" అంటారు. ఈ మాటకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1871లో ఎల్లందు దగ్గర బొగ్గుందని గుర్తించింది జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్. 1886లో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కును హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే లండన్ కంపెనీకి ఇచ్చింది. ఈ వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్ నిజాం కొలువులో పెద్ద అధికారి. వాటాల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ ఎంత పెద్దదంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘాన్నే వెయ్యాల్సి వచ్చింది. అదే కంపెనీ రాయచూరు వైపు బంగారానికీ చెయ్యి చాచింది. మా వైపు దొరికింది నల్ల బంగారం. 1889లో ఎల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. దాని మెజారిటీ వాటాలు హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చింది 1945లో.

అంటే అంతకాలం బొగ్గు మీద లాభం లండన్ వాటాదారులది. దళారీ సొమ్ము దర్బారు మనిషిది. బాయిలోకి దిగిన సాయిబుకు మాత్రం మాల మాదిగలతో, బీసీలతో పాటు తట్టా చెమ్మాసే దక్కింది. నవాబుల చరిత్రను మా నెత్తిన పెట్టేవాళ్లు ఈ లెక్క ఎందుకు చూడరు? నవాబు సాయిబు, ఫిల్లర్ సాయిబు ఒకటేనా? ఒకడు మేడలో కూచుని సంతకం పెట్టాడు. ఇంకొకడు నేల కింద టబ్బులు నింపాడు.

కాజీపేట నుంచి బల్లార్షాకు రైలుదారి పడిన 1920ల చివరి రోజుల్లోనే బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకమూ మొదలైంది. మా దాదా ఆ ఊరికి వచ్చింది మాత్రం 1948 తర్వాత. ఆయనది నాందేడ్ సరిహద్దు వైపు పల్లె. దూది ఏకి పరుపులు కుట్టేవాడు. రజాకారు కాదు, జాగీర్దారు అంతకన్నా కాదు. పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం, చచ్చిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. దాదాకు నివేదికలు తెలియవు. ఇంటికి తాళం వేసి రాత్రికి రాత్రి బయటపడ్డాడు. తాళంచెవి మాత్రం చచ్చేదాకా నడుముకే కట్టుకుని ఉన్నాడు. ఆ ఇంట్లోకి మళ్లీ అడుగు పెట్టలేదు.

బెల్లంపల్లిలో ఆయనకు బాయి పని దొరికింది. తర్వాత కంపెనీ క్వార్టరు వచ్చింది. వరుస క్వార్టర్లలో గోడ ఇద్దరిదీ. ఇటు మేం నమాజు చదివితే అటు వినబడేది, అటు మల్లన్న పట్నం వేస్తే ఇటు వినబడేది. కులాలు, మతాలు అక్కడ లేవని చెప్పను, ఉన్నాయి. కానీ బాయిలో పైకప్పు కూలితే అది అందరి మీదా కూలుతుందని అందరికీ తెలుసు. 1981లో యాభై ఆరు రోజుల సమ్మె నడిచినప్పుడు మా పొయ్యిలో పిల్లి లేవని రోజున పక్కింటి అవ్వ జొన్నలు కొలిచి పోసింది. "సాయిబూ, జీతం పడ్డంక ఇద్దువు తీ" అంది.

క్వార్టరు ఇల్లు కాదని మాకు తెలిసొచ్చింది దాదా రిటైరైనప్పుడు. నౌకరి అయిపోతే తాళం కంపెనీకి అప్పజెప్పాలి. అబ్బాకు నౌకరి ఉండబట్టి ఇంకో క్వార్టర్లో ఇమిడాం. కానీ ఆ రోజు నుంచి అబ్బాకు సొంతిల్లు అన్న మాట పట్టుకుంది. 1989లో ఇంటికి పోయే కార్మికుడొకాయన దగ్గర రెండర్రల పెంకుటిల్లు కొన్నాడు. ఆ జాగా కంపెనీది. అందుకే రిజిస్ట్రీ కాదు, బ్యాంకు అప్పు ఇవ్వదు. స్టాంపు కాగితం మీద గోడలు, దూలాలు, తలుపులు అమ్మినట్టు రాసుకున్నారు. నేల ఊసు అందులో లేదు. గోడలకు పైసలిచ్చి నేల మీద బతకడం ఎట్లాగో ఈ దేశంలో బొగ్గుబాయిల జనానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో! ఆ కాగితం మీద సాక్షి సంతకాలు పెట్టింది ఒక గౌడ్, ఒక మాల. అన్నీ తెలిసే పెట్టారు. వాళ్ల ఇళ్లకూ అట్లాంటి కాగితాలే.

1992 డిసెంబరు తర్వాత మా అన్న, "ఈ గోడల కాగితం ఎందుకు పనికొస్తది? జిల్లా కేంద్రంలో రిజిస్ట్రీ అయ్యే జాగా కొందాం" అన్నాడు. కరీంనగర్ పోయాడు. ప్లాటు చూశాడు, ధర కుదిరింది. బయానా ఇచ్చేటప్పుడు పేరు చెప్పాడు. మధ్యవర్తి తల గోక్కుని, "ఏమనుకోకు భాయ్, మిగతా ప్లాట్లు అమ్ముడుపోవంటున్నడు మా సేటు" అన్నాడు. ఇంకో చోటా అదే మాట. చివరికి మావాళ్ల మొహల్లాలోనే, ఇరుకు గల్లీలో, ఎక్కువ ధరకు కొన్నాడు. ఇప్పుడు ఆ గల్లీ దాటేవాళ్లు "వీళ్లంతా ఒక్కదగ్గరే ఉంటరు, మనతోని కలువరు" అంటారు. కలిసి ఉండటానికి పోయినవాణ్ణి గడప దగ్గరే ఆపి, తర్వాత గల్లీ చూపించి తప్పు పట్టడం ఏం న్యాయం?

ఇటు బెల్లంపల్లిలో నేల కింది బాయిలు ఒకటొకటే మూతబడ్డాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల చుట్టూ ఉన్నారు. తవ్వకం ఓపెన్‌కాస్టులకు మళ్లింది. ఆ బాంబింగుకు దగ్గరి ఊళ్లల్లో గోడలు నెర్రెలిస్తున్నాయి. పని వెతుక్కుంటూ పిల్లలు గోదావరిఖనికో, హైదరాబాదుకో, దుబాయికో పోయారు. 2016లో జిల్లాలు విడగొడితే బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోకి, గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అబ్బా ఇల్లు మాత్రం ఆ కంపెనీ జాగాలోనే ఉంది.

ఆ మధ్య కంపెనీ ప్రభుత్వానికి వదిలిన జాగాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలిస్తామన్నారు. ఊరంతా పాత కాగితాలు వెతుక్కుంది. అమ్మీ కూడా సందూకు తెరిచింది. స్టాంపు కాగితం, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, అబ్బా హాజరు చీటీలు బయటికి తీసింది. దాదాపు ఆ కాలంలోనే, 2019 డిసెంబరులో, పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనక ఎన్నార్సీ వస్తుందన్నారు. అమ్మీ అదే సందూకు మళ్లీ తెరిచింది. మొదటిసారి తెరిచినప్పుడు పక్కింటివాళ్లూ వాళ్ల పెట్టెలు తెరిచారు. రెండోసారి మా వాడకట్టులో తెరిచింది మేమొక్కళ్లమే.

ఇల్లు మీదని చూపించు అంటే పర్లేదు, ఊరంతటితో పాటు మేమూ చూపిస్తాం. దేశం మీదని చూపించు అంటే ఏం చూపించాలి? నాందేడ్ వైపు పల్లెలో దాదా వదిలి వచ్చిన ఇంటి తాళంచెవి చూపించాలా? ఆయన నింపిన టబ్బులకు రసీదు ఎక్కడుంది? ఆ బొగ్గుతో రైళ్లు నడిచాయి, ఊళ్లల్లో దీపాలు వెలిగాయి. ఆ వెలుతుర్లోనే కూచుని మమ్మల్ని "అసలు ఎక్కడివాళ్లు?" అంటున్నారు.

పట్టా వచ్చింది, అమ్మీ పేరు మీద. అప్పటికి అబ్బా లేడు. బొగ్గు అయిపోయాక నేల మాదైంది. అమ్మీ దాన్ని తీసుకుపోయి సందూకులో, ఆ పాత స్టాంపు కాగితం కింద పెట్టింది. "అది పైన ఉండాలి గదమ్మీ" అన్నాను.

"కాదు బేటా" అంది. "సర్కారు ఇప్పుడు నమ్మింది. వీళ్లిద్దరు ఎప్పుడో నమ్మి దస్తఖత్ పెట్టిండ్రు. అదే పైన ఉండనీ."