ఊరు మారిన జట్టు



బదిలీ కాగితం చేతికొచ్చిందంటే ఇంట్లో ఎంత హడావిడో మీకు తెలియనిది కాదు. సామానంతా లారీ ఎక్కుతుంది గానీ, పక్కింటి పిన్నిగారిని ఎక్కించుకోలేం కదా! మరి పేటంతా ప్రాణంగా చూసుకున్న ఆటల జట్టే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతే? అమెరికాలో అలాగే జరిగింది.

బేస్‌బాల్ మన క్రికెట్టుకు వేలువిడిచిన చుట్టం. న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఈ ఆట ఆడే ఒక జట్టు ఉండేది. పేరు డాడ్జర్స్, అంటే తప్పించుకునేవాళ్ళు. వీధుల్లో ట్రాముల కింద పడకుండా తప్పించుకు తిరిగే అక్కడి జనాన్ని బట్టి వచ్చిందా పేరు. 1913లో ఇళ్ళ నడుమనే ఎబెట్స్ ఫీల్డ్ అనే మైదానం తెరిచారు. నల్లవాళ్ళను పెద్ద జట్లలోకి రానివ్వని ఆ రోజుల్లో, 1947లో జాకీ రాబిన్సన్‌ను ఆడించి ఆ అడ్డుగోడ పగలగొట్టింది ఈ జట్టే. వరల్డ్ సిరీస్‌లో ఏడుసార్లు ఓడారు. ఓడినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకునేవారు అభిమానులు. ఆ వచ్చే ఏడు 1955లో వచ్చింది!

రెండేళ్ళు తిరిగేసరికి జట్టు వెళ్ళిపోతోందని ప్రకటన వెలువడింది. యజమాని వాల్టర్ ఒమాలీకి ఆ పాత మైదానం చాలలేదు, కార్లు నిలపడానికి చోటూ లేదు. బ్రూక్లిన్‌లోనే స్థలం ఇప్పిస్తే కొత్తది కట్టుకుంటానన్నాడు. నగర నిర్మాణాలు చూసే రాబర్ట్ మోజెస్ ఒప్పుకోలేదు, క్వీన్స్‌కు పొమ్మన్నాడు. ఈలోగా లాస్ ఏంజెలస్ రమ్మని పిలిచింది. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో ఆఖరి ఆట చూడటానికి ఏడు వేల మందైనా రాలేదు.

లాస్ ఏంజెలస్‌లో జట్టుకిచ్చిన స్థలం ఖాళీదేం కాదండీ. చావెజ్ రవీన్ అనే ఆ కొండవాలులో మెక్సికన్ కుటుంబాలు తరాలుగా కాపురం ఉండేవి. వాళ్ళకు చవక ఇళ్ళు కట్టిస్తామని 1950లో ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. ఆ ఇళ్ళు కట్టనేలేదు. 1959 మే నెలలో, కదలనని మొండికేసిన ఒకావిడను పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టి గుమ్మంలోంచి మోసుకుపోయారు. మిగిలిన ఇళ్ళను నేలమట్టం చేశారు. 1962లో అక్కడ డాడ్జర్ స్టేడియం తెరుచుకుంది. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్సువేలా బంతి విసురుతుంటే మెక్సికన్ జనం తండోపతండాలుగా వచ్చారు. అయినా పాత గాయం అంత తేలిగ్గా మానుతుందా?

బ్రూక్లిన్‌లో ఎబెట్స్ ఫీల్డును 1960లో కూలగొట్టి, ఆ చోట ఇళ్ళు కట్టారు. చూశారా చిత్రం! అక్కడ మైదానం పడగొట్టి ఇళ్ళు కట్టారు, ఇక్కడ ఇళ్ళు పడగొట్టి మైదానం కట్టారు. యజమానికి లాభమే వచ్చింది. ఒమాలీని తప్పుపట్టే ముందు నగరాల పెద్దలనూ అడగాలి. కానీ ఆటలు చూడటానికి రోజూ నడిచివెళ్ళినవాళ్ళనూ, ఆ కొండమీద పొయ్యి రాజేసుకున్న ఇల్లాలినీ ఆనాడు ఎవరడిగారు?

ఈసారి బదిలీ వచ్చినప్పుడు, లారీ ఎక్కని వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని మరీ బయల్దేరండి. సెలవు.