బొంబాయి వదులుకోని 39 నిమిషాలు

దేశమంతటికీ ఒకే సమయం అన్న ఏర్పాటు 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2026తో దానికి 120 ఏళ్లు నిండాయి. గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే ఈ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన తుని దగ్గరగా పోతుంది.

అంతకుముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. అడుగున చిల్లున్న గిన్నె నీళ్లలో మునిగితే ఒక ఘడియ, అరవై ఘడియలకు ఒక రోజు. శతాబ్దాలు అలాగే నడిచాయి. రైలూ తంతీ వచ్చాక అది కుదరలేదు. మద్రాసు వేధశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ 1802లోనే ఆ ఊరి సమయం గ్రీన్‌విచ్‌కు 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందని లెక్కగట్టాడు. బొంబాయికీ కలకత్తాకీ మధ్యస్థంగా ఉండడంతో రైళ్లు ఆ మద్రాసు సమయాన్నే పట్టుకున్నాయి.

బొంబాయి మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ నగరమంతా మద్రాసు సమయం పాటించాలన్నాడు. అంటే గడియారాలు అరగంట ముందుకు జరపాలి. విశ్వవిద్యాలయపు రాజాబాయి గోపురం గడియారం బొంబాయి సమయమే చూపిస్తే దాని రాత్రి దీపాల ఖర్చు ఇచ్చేది లేదని సర్కారు బిగదీసింది. విశ్వవిద్యాలయ సెనేట్ లొంగలేదు, ఊరి సమయానికే ఓటేసింది. 1906లో మళ్లీ అదే గొడవ, ఈసారి 39 నిమిషాల తేడాతో. జనవరి చలిలో ముందే పనిలోకి రమ్మంటే వేలమంది మిల్లు కార్మికులు మగ్గాలు ఆపి రాళ్లు రువ్వారు. తెల్లవారకముందే లేవాల్సినవాళ్ల కోపం అది. నగర నాయకుడు ఫిరోజ్‌షా మెహతా మునిసిపాలిటీలో వాదించి పాత సమయాన్ని నిలబెట్టాడు. బొంబాయి సమయం 1955 దాకా బతికింది. పరాయి ప్రభుత్వం రాసిచ్చిన సమయాన్ని కాదనడంలో ఆత్మగౌరవం ఉందని నేను నమ్ముతాను.

1906 తర్వాత మిగతా దేశంలోనూ కథ నేరుగా సాగలేదు. కలకత్తా తన సొంత సమయం వదిలి 1948లో దారికొచ్చింది. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధకాలంలో దేశ సమయం గంట ముందుకు జరిగి, మళ్లీ వెనక్కొచ్చింది. అస్సాం తేయాకు తోటలు ఇప్పటికీ గంట ముందుండే ‘బాగాన్ టైమ్’తో నడుస్తున్నాయి. మన పంచాంగాలు ఏ ఊరి సూర్యోదయానికి ఆ ఊరి లెక్కే చూస్తాయి. ఇక సీజియం గడియారాలతో దేశ సమయాన్ని కాపాడే ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలే, ఈశాన్యానికి గంట ముందుండే వేరే సమయం ఇవ్వవచ్చని 2018లో ప్రతిపాదించారు. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకే ఊళ్లకు అది ఎప్పుడో దక్కాల్సింది.