రోబోటిక్స్ పోటీలలో కొత్త జట్లు

రోబోటిక్స్ పోటీ అనగా విద్యార్థులు జట్టుగా ఏర్పడి, ముందుగా ప్రకటించిన నియమావళికి లోబడి తామే ఒక రోబోను నిర్మించి, నిర్ణీత సమయంలో దానిచేత పనులు చేయించి పాయింట్లు సంపాదించే పోటీ. అనుభవము, ధనము కలిగిన పాత జట్ల ఎదుట కొత్తవారు నిలవగలరా అన్నది తొలి ఏడాది ప్రతి ఉపాధ్యాయునికీ కలిగే సందేహము.

నిదర్శనాలు

జపాన్‌లో విద్యార్థుల రోబోకాన్ 1988లోనే మొదలైనది. అయినను 2002లో ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య టోక్యోలో తొలి అంతర్జాతీయ రోబోకాన్ జరిపినప్పుడు విజేతగా నిలిచినది వియత్నాం జట్టు. ఈ పోటీలో చేయవలసిన పని ఏటా మారుతుంది. 2008లో పూణెలో జరిగిన పోటీకి శ్రీకృష్ణుని వెన్నదొంగతనమే ఇతివృత్తము. నిరుటి రోబో ఈ ఏటికి పనికిరాదు కనుక, కొత్త జట్టుకు కొంత వెసులుబాటు కలుగుతున్నది.

అమెరికాలో 1992లో ప్రారంభమైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో ఇప్పుడు మూడేసి జట్లు ఒక కూటమిగా ఆడుతాయి. ఒక్క పనినే తప్పకుండా చేయగల రోబోకు అక్కడ గిరాకీ ఉన్నది. టెక్సాస్‌కు చెందిన రోబోనాట్స్ అనే పాత జట్టు, తక్కువ పనిముట్లతో నిర్మించదగిన 'ఎవ్రీబాట్' నమూనాను కొత్తవారి కొరకు ఉచితంగా అందించినది.

వ్యూహము

నియమావళిని జట్టంతా చదవాలి. చాలా జట్లు ఇక్కడే ఓడిపోతాయి. ఉదాహరణకు, 30 పాయింట్ల కష్టమైన పని పదిసార్లలో మూడుసార్లే ఫలిస్తే సగటున వచ్చేది 9. అంతే సమయం పట్టే 10 పాయింట్ల సులువైన పని ప్రతిసారీ ఫలిస్తే వచ్చేది 10. ఆకర్షణీయమైన యాంత్రిక హస్తం కంటే గట్టి చక్రాల బండి మేలని ఈ లెక్క చెబుతుంది. రోబోను త్వరగా పూర్తిచేసి మిగిలిన రోజులు నడపటానికి కేటాయించాలి. మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోయి, నియంత్రణ బోర్డు మొదటికి వచ్చి ఆగిపోవచ్చును. ఇది బల్లమీద కనబడదు, నడిపితేనే బయటపడుతుంది. గీతను అనుసరించే రోబో సెన్సార్లను పోటీ జరిగే హాలు వెలుతురులోనే మళ్ళీ సరిచూడాలి. ప్రపంచ రోబో ఒలింపియాడ్‌లో పోటీనాటి ఉదయమే ఒక అదనపు నియమం ప్రకటించే ఆనవాయితీ కలదు. ప్రోగ్రామును అరువు తెచ్చుకున్న జట్టు అక్కడ చిక్కుపడుతుంది.

నెల్లూరు తీరంలో

2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఎంపికైన పాఠశాలకు టింకరింగ్ ప్రయోగశాల కొరకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు నిర్దేశించారు. కాని కిట్టును బీరువాలో దాచి, తనిఖీనాడు మాత్రమే తీసే చోట జట్టు తయారుకాదు. విరిగిన భాగము కూడా పాఠమే.

తీరప్రాంతంలో ఉప్పుగాలి, తేమ వలన బ్యాటరీ టెర్మినళ్ళు, బేరింగులు త్వరగా తుప్పుపడతాయి. విడిభాగాలను సిలికా జెల్ సంచులతో మూతపెట్టెలో ఉంచాలి. అయితే నగరాల జట్లకు దొరకని గురువులు ఇక్కడ కలరు. రొయ్యల చెరువుల ఏరియేటర్ల గేరుపెట్టెలను, పడవ ఇంజన్లను బాగుచేసే మెకానిక్కులకు ఉప్పునీటిలో యంత్రం ఎక్కడ చెడుతుందో బాగా తెలుసు.

శ్రీహరికోట (2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది) నుండి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినది. ఆ తరువాత ఇస్రో, కళాశాల విద్యార్థుల కొరకు ప్రత్యేకంగా రోబోటిక్స్ పోటీని ప్రకటించినది.