భిలాయ్ కొలిమి వెనుక ఒక ఇంజనీరు

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నెహ్రూ దార్శనికత, రెండో పంచవర్ష ప్రణాళిక, సోవియట్ మైత్రి అనే మూడు మాటలతోనే ఆ ఘట్టాన్ని స్మరించుకోవడం మనకు ఆనవాయితీ. ఆ కొలిమి లేచే వేళ నిర్మాణానికి సోవియట్ పక్షాన చీఫ్ ఇంజనీరుగా ఉన్న వెనియామిన్ దిమ్షిత్స్ పేరు మాత్రం మన రాజకీయ చరిత్రల్లో అరుదుగా కనిపిస్తుంది. ప్రభుత్వరంగ ఉక్కు భవితవ్యం మళ్లీ చర్చకు వస్తున్న కాలంలో ఆయన సుదీర్ఘ జీవితాన్ని తెలుసుకోవడం అవసరం.

దిమ్షిత్స్ 1910లో క్రిమియాలోని ఫియొదోసియాలో యూదు కుటుంబంలో పుట్టారు. ఆయన యౌవనమంతా ఉక్కు కర్మాగారాల నిర్మాణంలోనే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉరల్ ప్రాంతపు మాగ్నిటోగోర్స్క్‌లో నిర్మాణ సంస్థకు సారథ్యం వహించారు. పశ్చిమాన ఉన్న కర్మాగారాలు శత్రువు చేజిక్కగా, యుద్ధానికి కావలసిన ఉక్కు భారం తూర్పు కొలిమిలపై పడిన రోజులవి. యుద్ధం ముగిశాక, నేలమట్టమైన జపోరిజియా ఉక్కు కర్మాగారాన్ని పునర్నిర్మించే బాధ్యత ఆయనకు దక్కింది. ఆ ప్రాంతపు పార్టీ కార్యదర్శి అప్పట్లో లియొనిద్ బ్రెజ్నెవ్. తుపాకీ పట్టిన యోధులను దేశాలు గుర్తుపెట్టుకుంటాయి. ఇటుకా ఇనుమూ పేర్చిన యోధులకు ఆ భాగ్యం తక్కువ.

అంతటి అనుభవంతో ఆయన 1957లో భిలాయ్ చేరుకున్నారు. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఒక పల్లెసీమ. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ తోడ్పడుతుండగా, భిలాయ్‌కి 1955 ఒప్పందం ప్రకారం సోవియట్ యూనియన్ రెండున్నర శాతం వడ్డీకి రుణమిచ్చింది. పది లక్షల టన్నుల కర్మాగారం తొలి లక్ష్యం. మూడు కర్మాగారాల మధ్య సాగింది సాంకేతిక పోటీ మాత్రమే కాదు, ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ప్రతిష్ఠల పోటీ కూడా.

అయితే భిలాయ్ విజయాన్ని టన్నులతో మాత్రమే కొలిస్తే సగం సత్యమే చేతికి అందుతుంది. భారతీయ ఇంజనీర్లను సోవియట్ కర్మాగారాలకు శిక్షణకు పంపారు. ఇక్కడ సోవియట్ నిపుణుల పక్కన భారతీయులు నిలబడి పని నేర్చుకున్నారు. వచ్చినవాడు వెళ్లిపోయాక కూడా కొలిమి ఆరకూడదన్నదే ఆ ఏర్పాటులోని అంతరార్థం. దిమ్షిత్స్ 1959లో స్వదేశానికి తిరిగి వెళ్లారు. భిలాయ్ సామర్థ్యం క్రమంగా పెరిగి, 1988 నాటికి నలభై లక్షల టన్నులకు చేరింది. దేశం నలుమూలలా పరిచిన రైలు పట్టాల్లో సింహభాగం అక్కడిదే.

ఉక్కుతో పాటు ఒక నగరమూ పుట్టింది. సెక్టార్ల వారీగా క్వార్టర్లు, పాఠశాలలు, ఆసుపత్రి వెలిశాయి. విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గంలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. తండ్రి షిఫ్టు వేళలను బట్టి ఇంటి భోజనవేళ మారే ఆ క్వార్టర్లలో ఒక తరం చదువుకుని పైకి వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగం ఒక కుటుంబాన్ని మూడు తరాల పేదరికం నుంచి ఎలా బయటపడేయగలదో చూపిన ఊరది.

అయినా ఈ కథను కేవలం స్తుతిగా రాయడం చరిత్రకు అన్యాయం. క్వార్టర్ల భద్రత అందరికీ దక్కలేదు. భిలాయ్‌కి ఇనుప ఖనిజాన్ని అందించిన దల్లీ రాజహరా గనుల్లో కాంట్రాక్టు కార్మికులు దుర్భర పరిస్థితుల్లో పనిచేశారు. వారిని సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. సోవియట్ సహాయానికీ పరిమితులున్నాయి. బొకారో వంతు వచ్చేసరికి, భారతీయ సంస్థ దస్తూర్ రూపొందించిన ప్రణాళికను పక్కకు నెట్టి సోవియట్ రూపకల్పనే నెగ్గింది. భిలాయ్‌లో నేర్పిన చేతులే బొకారోలో అడ్డుపడ్డాయి.

దిమ్షిత్స్ జీవితంలోనూ అలాంటి వైరుధ్యమే ఉంది. 1962లో ఆయన సోవియట్ ఉప ప్రధాని అయ్యారు. 1985 వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆ దశాబ్దాల్లో అంతటి ఉన్నత స్థానంలో ఉన్న యూదుడు మరొకరు లేరనవచ్చు. యూదులపై వివక్ష లేదని లోకానికి చాటడానికి ప్రభుత్వం ఆయననే చూపింది. 1970 మార్చిలో మాస్కోలో ఇజ్రాయెల్‌ను ఖండించేందుకు ప్రముఖ యూదులతో ఏర్పాటు చేసిన పత్రికా సమావేశంలో ఆయన పాల్గొన్నారు. కొలిమిలు కట్టిన చేయి రాజ్యానికి కవచంగా కూడా ఉపయోగపడింది. ఆయన 1993లో కన్నుమూశారు. అప్పటికి ఆయన సేవించిన దేశమే భూపటం నుంచి తొలగిపోయింది.

దేశం పోయినా కర్మాగారం మిగిలింది. తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన పాఠం ఉంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కు కూడా సోవియట్ సహకారంతోనే, 1979 ఒప్పందంతో, రూపుదిద్దుకుంది. భిలాయ్‌కి మొదటి నుంచీ సొంత గనులున్నాయి. విశాఖకు ఆ వెసులుబాటు కల్పించలేదు. ముడి ఖనిజాన్ని బయట కొనుక్కోవలసిన కర్మాగారాన్ని సొంత గనులున్న వాటి పక్కన నిలబెట్టి, నష్టాలు చూపి, 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయించింది. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఊపిరి పోసింది గాని, గనుల ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

దిమ్షిత్స్ తరం ఇంజనీర్లకు ఒక విషయం స్పష్టంగా తెలుసు: కొలిమి ఒకసారి వెలిగితే దానికి నిరంతరం మేత వేయాలి. మేత అందకపోతే తప్పు కొలిమిది కాదు. ఈ పాటి ఇంగితం కర్మాగారాలను కట్టినవారికి ఉంది. వాటి లెక్కలు తేలుస్తున్న పాలకులకు ఉందా అన్నదే విశాఖ అడుగుతున్న ప్రశ్న.