కౌలు కాగితం మీద కంప్యూటర్

గోదావరి డెల్టాలో పొలం చేతికి రావడానికి రెండు దారులు: క్రయం, కౌలు. క్రయం చేసుకున్నవాడు గట్టు మీద కొబ్బరి మొక్క నాటుకుంటాడు, కావాలంటే అమ్ముకుంటాడు. కౌలుదారుకు కాగితంలో రాసినంత మేరకే హక్కు. కంప్యూటర్‌తో పాటు విండోస్‌నూ కొనుక్కున్నామని మనం అనుకుంటాం గానీ, లైసెన్సు అంటే కౌలే. కొత్త యంత్రంతో వచ్చే విండోస్ మామూలుగా ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. మదర్‌బోర్డు కాలిపోతే చాలాసార్లు కౌలూ దానితోనే పోతుంది.

ఈ పద్ధతి మొదటినుంచీ లేదు. తొలిరోజుల్లో సాఫ్ట్‌వేర్ యంత్రంతో పాటే వచ్చేది. 1969లో ఐబీఎం కొన్ని ప్రోగ్రాములకు విడిగా ధర కడతానని ప్రకటించింది. అప్పటికీ ఆపరేటింగ్ సిస్టం యంత్రంతోనే ఉండేది. కథ మలుపు తిరిగింది 1981లో. సియాటిల్‌లోని ఒక చిన్న కంపెనీ దగ్గర మైక్రోసాఫ్ట్ మొత్తం 75 వేల డాలర్లకు ఒక ఆపరేటింగ్ సిస్టం తీసుకుని, దాన్ని ఐబీఎం పీసీకి ఇచ్చింది. ఇచ్చింది కౌలుకే. మిగతా తయారీదారులకూ ఇచ్చుకునే హక్కు తన దగ్గరే అట్టిపెట్టుకుంది. తాను క్రయం చేసుకుని, లోకానికి కౌలుకిచ్చింది. 1985లో వచ్చిన మొదటి విండోస్ ధర 99 డాలర్లు. 2001లో ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చాక, ఒక సీడీతో వీధంతా విండోస్ వేసుకునే రోజులకు తెర పడింది.

అదే ఎక్స్‌పీతో విండోస్‌లోకి తెలుగు వచ్చింది. దానితో ఇచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. ధవళేశ్వరం దిగువన చీలిన మన గోదావరి పాయల్లో ఒకదాని పేరే అది. కానీ రాజమండ్రి ప్రెస్సులు గౌతమి కోసం ఆగలేదు. అప్పటికే డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు కుదురుకున్నాయి. పంచాంగాలు, వ్రతకథలు, శుభలేఖలు, స్కూలు గైడ్లు అన్నీ వాటిలోనే. ఆ ఫాంట్ల కిటుకు ఏమిటంటే, ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టడం. తెర మీద ‘అమ్మ’ అని కనిపించినా కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి.

అప్‌గ్రేడ్ అసలు ఖర్చు నాకు ఇక్కడే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తోనే ఆగిపోయింది, దానికి యూనికోడ్, అంటే తెలుగును తెలుగుగానే గుర్తించే సంకేత పద్ధతి, రాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆగింది. విండోస్ మారిస్తే పేజ్‌మేకర్ మొరాయిస్తుందేమోనన్న భయం, మార్చకపోతే వైరస్ భయం. 2017 మేలో వానాక్రై సైబర్ దాడి జరిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. మద్దతు ఆపేసిన మూడేళ్లకు కూడా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ప్రత్యేకంగా మందు వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు విండోస్ 10 వంతు. దానికి 2025 అక్టోబర్ 14తో గడువు తీరింది. విండోస్ 11 ఉచితమే అంటారు. కానీ దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నిక్షేపంగా పనిచేస్తున్న పాత యంత్రాన్ని దీనికోసం పక్కన పడేయమంటే, పంట బాగా పండుతున్న చేను వదిలిపొమ్మన్నట్టే. పాత విండోస్‌కే మరికొంతకాలం రక్షణ కావాలంటే సంస్థలకు కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు.

కందుకూరి వీరేశలింగం గారు 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రికను నడిపిన ఊరు మన రాజమండ్రి. ఆనాటి సీసపు అచ్చులు అరిగిపోతే కరిగించి మళ్లీ పోసుకునేవారు. వాటికి గడువు తీరిందని చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆ స్వాతంత్ర్యానికి నేటి రూపం లినక్స్ ఆపరేటింగ్ సిస్టం. 1991లో పుట్టిన దీనికి లైసెన్సు రుసుము లేదు. స్వేచ్ఛ సంస్థ దాన్ని తెలుగులోకీ తెచ్చింది. పోతన, వేమన లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లూ ఉన్నాయి. అయితే ఇరవై ఏళ్లుగా అను కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ శ్రమకు ఎవరూ కూలి కట్టరు. ఉచితమన్న మాట విన్నప్పుడల్లా నాకు ముందు ఆపరేటర్లే గుర్తొస్తారు.

మీ ప్రెస్సులో పాత ఎక్స్‌పీ యంత్రం ఇంకా తిరుగుతుంటే, అది ఆగిపోకముందే అందులోని పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చండి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒత్తులు తారుమారవుతాయి కాబట్టి ఒక మంచి ప్రూఫ్‌రీడర్ చేత దిద్దించి, రెండు చోట్ల భద్రపరచండి. విండోస్ కౌలుదైనా, ఆ అక్షరాలు మీ సొంతం.